మేతమ్మ నేర్పిన భయం

చేపపిల్లకి ఈత నేర్పక్కర్లేదంటారు. నిజమే. నీళ్లలో వదిలితే చాలు, దాని దారి అది చూసుకుంటుంది. కానీ తొట్టిలో పుట్టి తొట్టిలో పెరిగిన చేపకి భయం ఒకటి నేర్పాలన్న సంగతి ఆ చేపల కేంద్రంలో ఎవరికీ తట్టలేదు. తట్టేసరికి చేతులు కాలాయి. ఇక ఆకులు వెతుక్కోవడమే మిగిలింది.

మేతమ్మకి కన్నవాళ్లు పెట్టిన పేరు వేరే ఉంది. కేంద్రంలో చేపలకి మేత వేసే పనికి చేరిన కొత్తలో అక్కడి లారీ డ్రైవరు సరదాకి మేతమ్మా అని పిలిచాడు, అది కాస్తా అంటుకుపోయింది. ఇప్పుడెవరైనా అసలు పేరుతో పిలిస్తే, ఎవర్నో పిలుస్తున్నారనుకుని ఆమే పక్కకి తప్పుకుని దారిస్తుంది.

కేంద్రమంటే పెద్దదేం కాదు. ఏటికి కూతవేటు దూరంలో రేకుల కప్పు వేసిన పొడుగాటి షెడ్డు. లోపల వరసగా నడుమెత్తు సిమెంటు తొట్లు. ప్రతి తొట్టిలోకీ ఒక సన్నటి గొట్టం, దాని కొసని ఒక బెజ్జాల రాయి, ఆ రాయిలోంచి ఆగకుండా గాలి బుడగలు. నేల ఎప్పుడూ తడే. మోటారు హోరు చెవులకి ఎంత అలవాటైపోయిందంటే, కరెంటు పోయి అది ఆగినప్పుడే ఇన్నాళ్లూ అక్కడొక చప్పుడుండేదని తెలిసేది.

ఆ తొట్లలో పెరిగేవి పసుపు మీసాల చేపలు. మూతికి అటూ ఇటూ పసుప్పచ్చని మీసాలు, వీపు ఇత్తడి రంగు. మేతమ్మ తండ్రి రోజుల్లో ఒక్క చేపని ఇద్దరు మగాళ్లు కావడి కట్టి మోసుకొచ్చేవారు. ఆ చేప గుడ్లు పెట్టడానికి ఎగువకి, గులకరాళ్లున్న చల్లటి మడుగుల్లోకి పోతుంది. ఎగువని ఆనకట్ట లేచింది. గులకరాళ్లు లారీలెక్కిపోయాయి. మిగిలినవాటికి దోమతెర లాంటి సన్నకన్ను వలలు వచ్చాయి. ఎవర్ని తిట్టాలో తెలీకుండా చేప మాయమైపోయింది. ఎవరో ఒకరే చేసి ఉంటే వాళ్ల గుమ్మం ముందు కూర్చుని ఏడవొచ్చు. ఇది అందరూ తలో చెయ్యీ వేసిన పని. మేతమ్మ తమ్ముడు వలేసి బతికేవాడే. చివరిసారి ఆ చేపని ఎప్పుడు చూశాడో అతనికే జ్ఞాపకం లేదు.

ఆ దశలో ఎక్కడో దొరికిన కాసిని పెద్ద చేపల్ని తెచ్చి, వాటి గుడ్లు పిండి పిల్లల్ని చేయించి, ఏట్లోకి మళ్లీ వదలాలని కేంద్రం పెట్టారు. దాన్ని చూసుకునే ఆవిడ చేపల చదువు చదివిన డాక్టరమ్మ. వయసు చిన్నది, కాలికి రెండు సైజులు పెద్ద రబ్బరు బూట్లు. వేరే ఊళ్లలో ఇలాంటి కేంద్రాలు ఇంకో రెండు ఆవిడ నెత్తినే ఉన్నాయి కాబట్టి, ఎప్పుడొచ్చినా రొప్పుతూ వచ్చేది, ఎప్పుడు వెళ్లినా ఏదో ఒకటి మర్చిపోయి వెళ్లేది.

మొదట్లో ఆ చేపపిల్లలు మేత ముట్టేవి కావు. తొట్టి అడుగున మూలకి చేరి, దెబ్బలు తిన్న బిడ్డల్లా ముడుచుకుని కూర్చునేవి. చిక్కి శల్యమైపోతున్నాయి. డాక్టరమ్మ మేత మార్చింది, నీళ్లు మార్చింది, వెలుతురు తగ్గించింది. ఏం లాభం లేదు. అప్పుడు మేతమ్మ ఎవరూ చెప్పకుండానే ఒక పని చేసింది. మేత కొలిచే స్టీలు గ్లాసుతో తొట్టి అంచు మీద టక్ టక్‌మని కొట్టి, ఆ తర్వాతే మేత చల్లేది. తన కూతురు చిన్నప్పుడు అన్నానికి రాకపోతే కంచం మీద ఇలాగే కొట్టేది. పిల్ల వచ్చేది. కొన్నాళ్లకి చేపలూ వచ్చాయి. ఆ తర్వాత గ్లాసు చప్పుడైతే చాలు, తొట్టి తొట్టంతా నోళ్లయిపోయేది.

"మీకు చేపల భాష వచ్చా మేతమ్మగారూ?" అని డాక్టరమ్మ ఆ రోజు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. చూడ్డానికి ఎవరొచ్చినా, "మేతమ్మగారూ, ఒక్కసారి కొట్టండి" అనేది. పెద్దపెద్దవాళ్లు తొట్లోకి వంగి నవ్వేవారు.

కిందటేడు మొదటి విడత చేపల్ని ఏట్లో వదిలారు. ఆ సాయంత్రం మేతమ్మకి ముద్ద దిగలేదు. సాగనంపడం ఆమెకి చేతకాని విద్య. ఆమె మొగుడు ఒకరోజు పొద్దున్నే పడవ మీద పనికని వెళ్లాడు. ఆమె పొయ్యి దగ్గరుండి, వెళ్లొస్తానన్న మాటకి ఊఁ అంది గానీ తల తిప్పలేదు. పడవ తిరిగొచ్చింది గానీ మనిషి రాలేదు. అప్పట్నుంచీ గడప దాటే ఎవర్నైనా సరే కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడుతుంది. "కూరగాయల బండి వెళ్తున్నా మలుపు తిరిగేదాకా చూస్తుంది మా అక్క. వాడేమో ఇంకేమైనా కావాలేమోనని వెనక్కి తిరిగొస్తాడు" అని తమ్ముడు ఆట పట్టించేవాడు.

ఈ ఏడు ఎండలు ముదురుతుండగా, ఒక మధ్యాహ్నం తమ్ముడూ మరదలూ కలిసి కేంద్రానికే వచ్చారు. తమ్ముడి చేతిలో తడి గోనె చుట్టినదేదో ఉంది. మరదలు తలుపు దగ్గరే ఆగిపోయింది.

"వదినా, నీతో ఒక మాట. కోప్పడనంటే చెప్తా."

"కోప్పడే మాటైతే కోప్పడకుండా ఎలా ఉంటాను? చెప్పు."

"రేవులో గిన్నెలు తోముతున్నా. అడుగంటిన గిన్నె. గరిటెతో అంచు మీద కొట్టి మాడు దులిపా. దులిపానో లేదో, కాళ్ల దగ్గరికి వచ్చాయి వదినా. పెంపుడు కోళ్లొచ్చినట్టు."

"ఏవి?"

"చేపలు. నోళ్లు తెరుచుకుని. ఆ మాడు మెతుకులే వేశా, తిన్నాయి. మళ్లీ కొట్టా, మళ్లీ వచ్చాయి. ఇదేదో బాగుందని..." ఆగింది. "గంప ముంచా."

"వల పుచ్చుకుని పుట్టినవాణ్ణి నేను" అన్నాడు తమ్ముడు, నవ్వబోయి నవ్వు రాక. "ఇన్నేళ్లలో దాని తోక కూడా చూడలేదు. ఈవిడగారు గరిటెతో పట్టింది."

"పట్టి ఊరుకున్నావా?" అంది మేతమ్మ.

"దీని నోట్లో నువ్వుగింజ నానుతుందా అక్కా? రేవంతా చెప్పింది. ఇప్పుడు ఆడవాళ్లంతా తోమిన గిన్నెలే మళ్లీ తోముతున్నారు."

"నాకేం తెలుసు అవి వదినవని" అంది మరదలు. "ఈయన చూసి చెప్పాకే కదా తెలిసింది."

తమ్ముడు గోనె విప్పాడు. చేప వీపు మీది రెక్క చివర చిన్న కత్తిరింపు ఉంది. వదిలే ముందు డాక్టరమ్మ ఒక్కోదాన్నీ తడిగుడ్డలో పట్టుకుని పెట్టిన గుర్తది. మేతమ్మ దాని మీసాల వైపు చూసింది. ఏట్లో తిరిగి మీసాలు ఇంకా పచ్చబడ్డాయి.

"మిగిలినవి వండేశావా?"

"వండేశా వదినా."

"ఎలా ఉన్నాయి?" అని అడిగింది మేతమ్మ. ఎందుకడిగిందో ఆమెకే తెలీదు.

మరదలు తల వంచుకుంది. "బాగున్నాయి" అంది.

కబురు తెలిసి డాక్టరమ్మ మర్నాడే వచ్చింది. బూట్లు కూడా వేసుకోలేదు, చెప్పులతోనే తడి నేల మీద నడుచుకుంటూ వచ్చి తొట్టి గట్టు మీద కూలబడింది. తొట్లో చేపలు మాత్రం, మనుషులు దగ్గరికొచ్చారు కాబట్టి ఏదో పెడతారని ఎదురు చూస్తున్నాయి.

"తప్పు నాదమ్మా" అంది మేతమ్మ. "ఆ గ్లాసు అలవాటు చేసింది నేను."

"చప్పట్లు కొట్టింది నేను" అంది డాక్టరమ్మ. "వచ్చినవాళ్లందరికీ ఆట చూపించింది నేను. చదివిందంతా ఏ గంగలో కలిసిందో గానీ, ఏట్లో కూడా గిన్నెలుంటాయని నాకు తోచలేదు." చేత్తో మొహం రుద్దుకుంది. "కిందటేడు వదిలినవాటి గురించి ఇంక మనం చెయ్యగలిగింది లేదు. వీటి సంగతి చూడాలి. మేతమ్మగారూ, వీటి తల్లిచేప పోయిన వారమే పోయింది. మీకు చెప్పలేదు, బాధపడతారని. మన దగ్గర ఇంక గుడ్లు పెట్టే చేప లేదు. వేరేచోట దొరుకుతుందన్న ఆశా లేదు. ఉన్నవి ఇవే."

మేతమ్మ తొట్టి అంచు పట్టుకుంది.

"ఏట్లోకి కొత్తనీళ్లు రాగానే వదిలెయ్యాలి" అంది డాక్టరమ్మ. "అప్పుడైతేనే ఆనకట్టకి ఇవతల మిగిలిన మడుగులకైనా ఎక్కగలవు. ఆలస్యమైతే నీళ్లు దిగిపోతాయి, ఇక్కడేమో వీటికి తొట్టి చాలదు. ఈలోగా వీటికి ఆ చప్పుడంటే హడల్ పుట్టాలి. మనిషంటే హడల్ పుట్టాలి."

ఎలాగో ఆవిడే ఆలోచించి చెప్పింది. తొట్లకి చుట్టూ నల్లటి పట్టా కట్టాలి. మేత ఇక మీదట చేత్తో వెయ్యకూడదు. పట్టా వెనకనుంచి గొట్టంలో పోసి, వేళాపాళా లేకుండా వదలాలి. గ్లాసు మాత్రం రోజూ కొట్టాలి. కొట్టగానే చేపలు పైకొస్తే, నల్లగుడ్డ కట్టిన గెడతో నీళ్లని చావబాదాలి. వలతో తరమాలి. అలా రోజుకి రెండు మూడుసార్లు.

"మరి బాదేదెవరు?" అన్నాడు తాళాలాయన. ఆయన కేంద్రానికి కాపలాదారు. మొలకి ఇంత తాళాల గుత్తి ఉంటుంది, అందులో సగం తాళాలకి తలుపులే లేవు. "నేనైతే నావల్ల కాదు. రోజూ వాటితో నాలుగు కష్టసుఖాలు చెప్పుకునేవాణ్ణి. బెదిరించాలంటే మా ఆవిణ్ణి పంపిస్తా. కొట్టక్కర్లేదు, ఊరికే చూస్తే చాలు."

ఎవరూ నవ్వలేదు. డాక్టరమ్మకి రోజూ రావడానికి వీలవదు. డ్రైవరు బండి మీద తిరుగుతుంటాడు.

"నేర్పింది నేను" అంది మేతమ్మ. "మాన్పించేదీ నేనే. మేత గొట్టంలో పొయ్యడం తాళాలాయన చూసుకుంటాడు."

డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "మీవల్ల అవుతుందా?"

"అవ్వకపోతే ఏం చేస్తాం."

మొదటిరోజు అవ్వలేదు. గ్లాసు కొట్టింది. చేపలన్నీ ఒక్కసారి పైకి లేచి, మీసాలు కదుపుతూ, నోళ్లు తెరుచుకుని నిలబడ్డాయి. మేతమ్మ గెడ పైకెత్తింది. ఎత్తిన చెయ్యి దిగలేదు. గెడ గోడకి ఆనించి, పట్టా దాటుకుని బయటికొచ్చేసింది.

రెండోరోజు కళ్లు మూసుకుని కొట్టింది. నీళ్లు మొహం మీదికి చిమ్మాయి. తొట్టి లోపల దబదబమని చప్పుడు, చేపలు గోడలకేసి కొట్టుకుంటున్న చప్పుడు. కళ్లు తెరిచేసరికి సిమెంటు గోడకి ఒక పొలుసు అతుక్కుని మెరుస్తోంది. ఒక చేప మూతి చితికి నెత్తురొచ్చింది. మరుక్షణంలోనే, ఇంత జరిగాక కూడా, కొన్ని మళ్లీ పైకొచ్చి నోళ్లు తెరిచాయి. ఏదో పొరపాటు జరిగి ఉంటుంది, మేత ఇప్పుడు పెడుతుంది అన్నట్టు. ఆమె వల తీసుకుని వాటినీ తరిమింది.

ఇంటికెళ్తే మరదలు ఎదురొచ్చింది. "ఎలా ఉంది వదినా?"

"పాలు మాన్పించినట్టుంది" అంది మేతమ్మ. కూతురికి పాలు మాన్పించేటప్పుడు రొమ్ముకి చేదు పూసుకుంది. పిల్ల నోరు పెట్టి, మొహం వికారంగా పెట్టి, తల్లి మొహంలోకి చూసింది. ఆ చూపులో చేదు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీని ఆశ్చర్యం ఒకటుంది. ఆ చూపే ఇప్పుడు తొట్టినిండా ఉంది.

కానీ చేపలు నేర్చుకున్నాయి. ఎండలు తగ్గుముఖం పట్టేసరికి గ్లాసు చప్పుడికి ఒక్కటీ పైకి రాకుండా అయింది. ఆ తర్వాత చప్పుడు కూడా అక్కర్లేకపోయింది. పట్టా తొలగించి మేతమ్మ తల లోపల పెడితే చాలు, అన్నీ అవతలి మూలకి గుట్టపడేవి. ఇంకొన్నాళ్లకి గుమ్మంలో ఆమె చెప్పుల అలికిడికే తొట్లో నీళ్లు అల్లకల్లోలమైపోయేవి. "నువ్వొస్తున్నావని నాకంటే ముందు వాటికి తెలుస్తోంది" అన్నాడు తాళాలాయన. "పులిని పెంచినట్టయింది, నిన్ను పనిలో పెట్టుకుంటే." మేతమ్మకి అది మెప్పో తిట్టో అర్థం కాలేదు. రెండూ అనుకుని నవ్వింది.

డాక్టరమ్మ వచ్చి పరీక్ష పెట్టింది. పక్కన నిలబడి, "కొట్టండి మేతమ్మగారూ" అంది. మేతమ్మ కొట్టింది. నేల మీద ఒలికిన ఆవాల్లా చేపలు చెల్లాచెదురయ్యాయి. ఇంకో తొట్టి దగ్గర కొట్టించింది. అక్కడా అంతే. అన్ని తొట్ల దగ్గరా మేతమ్మ చేతే కొట్టించింది. అన్ని తొట్లలోనూ చేపలు పారిపోయాయి.

"అయింది" అంది డాక్టరమ్మ, కళ్లు తుడుచుకుంటూ. "ఇక బతుకుతాయి."

మేతమ్మ షెడ్డు వెనక్కి వెళ్లి కుళాయి కింద చాలాసేపు మొహం కడుక్కుంది. బిడ్డ బతికితే చాలు, తల్లి మొహం చూడకపోయినా ఏం? అనుకోవడానికి బాగానే ఉంది ఆ మాట. కడుక్కున్న మొహం మళ్లీ కడుక్కుంది.

ఏట్లోకి కొత్తనీళ్లు వచ్చాయి, టీ రంగులో నురుగు కట్టుకుంటూ. వదిలే రోజు పొద్దున్నే లారీలోకి నీలం డ్రమ్ములెక్కించి, చేపల్ని జాగ్రత్తగా సర్ది, గాలి సిలిండరు గొట్టాలు పెట్టారు. తొట్లు ఖాళీ అయ్యాయి. చాలాకాలంగా చెడుతూ బాగవుతూ ఉన్న మోటారుని కూడా ఆ రోజే విప్పి బాగుకి పంపేశారు. చేపల్లేని షెడ్డుకి మోటారెందుకు?

రేవుకి ఎగువని ఇళ్లు లేని మేర ఒకటి చూసి పెట్టుకున్నారు. కానీ లారీ దిగే బాటా, మనుషులు దిగే మెట్లూ ఉన్నది రేవులోనే. కాబట్టి అక్కడికే తీసుకొచ్చి, అక్కణ్ణుంచే వదలాలి. నీళ్లు జోరుగా ఉన్నాయి, ఎగువకి వాటంతటవే పోతాయని డాక్టరమ్మ ధైర్యం. డాక్టరమ్మా మేతమ్మా ముందు సీట్లో కూర్చున్నారు. తాళాలాయన వెనక డ్రమ్ముల మధ్య. బాటంతా గతుకులు.

రేవులో బండి ఆపి డ్రైవరు వెనక్కెక్కాడు. కుదుపులకి ఎన్ని ఉన్నాయో ఎన్ని పోయాయోనని మూత తీసి, చేతిలో ఉన్న బండి తాళంతో డ్రమ్ము అంచు మీద టక్ టక్‌మని కొట్టి, "ఏరా నాన్నా, ప్రయాణం బాగా జరిగిందా?" అన్నాడు.

చేపలన్నీ పైకొచ్చాయి. మీసాలు కదుపుతూ, నోళ్లు తెరుచుకుని.

"బానే ఉన్నాయి డాక్టరమ్మా" అని కేకేశాడు డ్రైవరు, సంతోషంగా. "ఆకలి మీదున్నాయి."

డాక్టరమ్మ లారీ పక్కకి చెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయింది. మేతమ్మ పైకెక్కబోయింది. ఆమె తల డ్రమ్ము పైన కనపడగానే చేపలు మునిగిపోయాయి. నీళ్లు ఒక్కసారి ఊగి నిలిచాయి.

"మీరు ఒక్కసారి ఇవతలికి రండి" అంది డాక్టరమ్మ మెల్లగా. "బండి వెనక్కి వెళ్లి నిలబడండి. కనపడకుండా."

మేతమ్మ వెళ్లి లారీ చక్రం పక్కన నిలబడింది. పైన తాళాలాయన తన గుత్తితో కొట్టాడు. నోళ్లు నీళ్లమీద తెరుచుకునే చప్పుడు వినపడింది. చిన్నచిన్న ముద్దుల్లాంటి ఆ చప్పుడు మేతమ్మకి తెలియనిది కాదు. తర్వాత డాక్టరమ్మ కొట్టింది. మళ్లీ అదే చప్పుడు.

"ఇప్పుడు మీరు రండి."

మేతమ్మ వచ్చింది. చప్పుడు పోయింది.

"నేనంటే భయం నేర్చుకున్నాయి" అంది మేతమ్మ. "నేనొక్కదాన్నంటేనే."

"ఎప్పుడూ మీ చేతే కొట్టించాం" అంది డాక్టరమ్మ. "ఒక్కసారైనా ఇంకొకరి చేత కొట్టించి చూడలేదు. ఇంకొకరి చేత." ఆ రెండు మాటలే మళ్లీ మళ్లీ అంది.

"దానికేం, ఇప్పుడు నేను నాలుగు దెబ్బలేస్తా" అని డ్రైవరు గెడ అందుకున్నాడు.

"వద్దు" అంది డాక్టరమ్మ. "భయపడితే పరిగెత్తడానికి చోటుండాలి. డ్రమ్ములో భయపడితే చచ్చిపోతాయి."

"పోనీ వెనక్కి తీసుకుపోదాం."

"ఎక్కడికి? తొట్లలో నీళ్లు లేవు. మోటారు లేదు. సిలిండరులో గాలి రాను సరిపోయింది, పోను సరిపోదు." ముందు నుయ్యి, వెనక గొయ్యి. డాక్టరమ్మ ఏటి వైపు చూసింది, లారీ వైపు చూసింది. ఆవిడ చదివిన చదువులో దీనికి ఒక జవాబు ఉండే ఉంటుందని, ఇప్పుడో ఇంకాసేపటికో చెప్తుందని, మేతమ్మ ఆవిడ మొహం వైపే చూస్తూ నిలబడింది. డాక్టరమ్మ చివరికి అన్న మాట ఇంతే. "దించండి."

దించారు. పెద్ద గొట్టం గుండా డ్రమ్ముల్లో నీళ్లతో పాటే చేపలు ఏట్లోకి జారాయి. ఇత్తడి వీపులు ఒక్కసారి మెరిసి కనపడకుండా పోయాయి. కానీ దూరం పోలేదు. మెట్ల పక్కన నీళ్లు నెమ్మదిగా ఉన్న చోటే గుంపుగా ఆగాయి. కొత్త ఇంటి వసారాలో నిలబడ్డ చుట్టాల్లా, ఎటు పోవాలో ఎవరైనా చెప్తారేమోనని చూస్తున్నట్టు.

మేతమ్మ చెప్పులు విప్పి మెట్లు దిగింది. మోకాళ్ల లోతు వచ్చేసరికి చేపలు గిరుక్కున తిరిగి లోతు వైపు, ఎగువ వైపు, పోయాయి. ఆమెకి ప్రాణం లేచొచ్చింది. కాసేపాగి గట్టెక్కింది. గట్టెక్కిన కాసేపటికి పసుపు మీసాలు మళ్లీ మెట్ల దగ్గర కనపడ్డాయి.

మళ్లీ దిగింది. మళ్లీ పోయాయి. ఈసారి ఆమె గట్టెక్కలేదు.

డాక్టరమ్మ మెట్ల మీద కూర్చుని చాలాసేపు చూసింది. ఆవిడకి వేరే ఊరి కేంద్రం నుంచి ఫోన్ల మీద ఫోన్లు. అక్కడా ఏదో చస్తోంది. "నేను రేపు వస్తాను" అంది. "జాలర్ల సంఘంతో మాట్లాడతాను. రేవుల్లో బోర్డులు పెట్టిస్తాను." చెప్తుంటేనే ఆవిడ గొంతు తగ్గిపోయింది. మేతమ్మ సరేనమ్మా అంది. లారీ మలుపు తిరిగేదాకా చూడాలని ఉంది గానీ, వెనక్కి తిరిగితే చేపలు వచ్చేస్తాయేమోనని చూడలేదు.

సాయంత్రానికి తమ్ముడొచ్చాడు. సంగతంతా తాళాలాయన చెప్పాడట.

"ఏంటక్కా, చేలో దిష్టిబొమ్మలా నిలబడ్డావు?"

"దిష్టిబొమ్మనేరా. దాన్ని చూస్తే పిట్టలు పోతాయి. నన్ను చూస్తే ఇవి పోతాయి."

"రేవులో వాళ్లకి చెప్పింది నీ మరదలు. గడప గడపకీ వెళ్లి మరీ చెప్పింది, గిన్నెలు కొట్టకండర్రా, కొట్టినా మా వదిన చేపలు పట్టకండర్రా అని. ఆ నోరు మంచికి పనికొచ్చింది ఇన్నాళ్లకి."

"ఏమన్నారు?"

"సరేనన్నారు. మంచివాళ్లే." తమ్ముడు మెట్టు మీద కూర్చున్నాడు. "కానీ అక్కా, వాళ్ల పిల్లలున్నారు. అవతలి గట్టున్నారు. దిగువ రేవులున్నాయి. ఏరు ఎంతదాకా పోతుందో అంతదాకా గిన్నెలున్నాయి. నువ్వెన్ని చోట్ల నిలబడతావు?"

"ఎగువకి పోతాయిరా ఇవి. కొత్తనీళ్లు కదా. వాటికి తెలుస్తుంది."

"పోతే మంచిదే" అన్నాడు తమ్ముడు. వాళ్ల నాన్న దగ్గర ఏరు నేర్చుకున్నవాడు. ఎగువని ఆనకట్ట ఉందన్న సంగతి అక్కకీ తెలుసు. కాసేపటికి, "చలి చేస్తుంది. రా. అన్నం చల్లారిపోతోంది" అన్నాడు.

"నువ్వు తినెయ్యి. వస్తా."

"ఎప్పుడొస్తావు?"

నీళ్లు ఆమె పిక్కల్ని ఒరుసుకుంటూ పోతున్నాయి. దగ్గరలో ఎక్కడా చేప కనపడలేదు. పోయాయేమో. నిజంగానే ఎగువకి పోయాయేమో. ఆ మాట పూర్తిగా అనుకునేలోపు, దిగువని ఏరు మలుపు తిరిగే చోట, తుప్పల అవతలనుంచి, ఎవరో గిన్నె మీద గరిటెతో కొడుతున్న చప్పుడు వచ్చింది. తేలిగ్గా, తీరిగ్గా, టక్ టక్‌మని. నీళ్ల మీద చప్పుడు చాలా దూరం పోతుంది.

మేతమ్మ అటు తిరిగి నడిచింది. గట్టెక్కి నడిస్తే తుప్పలు అడ్డం. నీళ్లలోనే నడవాలి. కాలి కింద బురద జారుతోంది. ఒక్కో అడుగూ తీసి వెయ్యడానికి ఒక యుగం పడుతోంది.

"అక్కా, అటు లోతుంది" అన్నాడు తమ్ముడు, లేచి నిలబడి.

"ఎవరమ్మా అక్కడ?" అని ఆమె పిలిచింది. "కొట్టకండమ్మా. కాసేపు కొట్టకండి."

గొంతు ఆమెకే సరిగ్గా వినపడలేదు, నీళ్ల హోరులో. ఇంకో రెండడుగులు వేసింది. నడుం దాకా వచ్చాయి నీళ్లు.

మలుపు అవతల చప్పుడు ఆగిపోయింది.

తోమడం అయిపోయి ఆగిందో, పిలుపు వినపడి ఆగిందో, గిన్నె కింద పెట్టి నీళ్లలోకి వంగి చూస్తూ ఆగిందో. మేతమ్మ తుప్పలు పట్టుకుని నిలబడి, మళ్లీ ఏదైనా వినపడుతుందేమోనని చెవి ఒగ్గింది.